రేవు దగ్గర వంతెన

భార్య కెజియా వాగులో కొట్టుకుపోయిన నాటి నుంచి ఓబెడ్ ట్రిగ్ గడప తొక్కే మనిషి ఒక్కడే, మిల్లు నడిపే ఆంబ్రోస్. ఆదివారం చర్చి అయ్యాక బండి కట్టుకుని వచ్చేవాడు. అతని గుర్రం కూడా చెప్పకుండానే ఓబెడ్ గేటు ముందు ఆగిపోయేది. ఇద్దరూ ఆపిల్ కల్లు పోసుకుని పొద్దువాలే దాకా పావులాట ఆడేవారు. పీపాలు చేసుకు బతికే ఓబెడ్‌కు మిగతా వారమంతా చెక్కబద్దలతోనే కాపురం.

ఆ వసంతంలో ఆంబ్రోస్ వర్జీనియా శాసనసభకు నిలబడ్డాడు. వాగు మీద రాబోయే వంతెనను తన మిల్లు దగ్గర వేయిస్తానని ఊరంతా చెప్పుకొచ్చాడు. అవతలి మనిషి కల్నల్ ఫెంటన్. ఓబెడ్‌ను ఏనాడూ పేరుపెట్టి పిలిచిన పాపాన పోలేదు గానీ, వంతెన పాత రేవు దగ్గరే అన్నాడు. పేదాసాదా దాటేది అక్కడే. కెజియా పోయిందీ అక్కడే.

"మిల్లు దగ్గరైతే బండ్లు తిరుగుతాయిరా. రేవులో దిగేదెవరు, కోళ్లబుట్టల వాళ్లు!" అన్నాడు ఆంబ్రోస్, పావు జరుపుతూ.

"కెజియా చేతిలో ఉన్నదీ కోళ్లబుట్టేగా."

ఆంబ్రోస్ తల దించుకున్నాడు. ఆమెకు గొయ్యి తవ్వినవాడు అతనే. వెళ్తూ మాత్రం, "నాకు కాక ఎవరికేస్తావులేరా" అన్నాడు.

ఆ రోజుల్లో ఓటంటే గుట్టుగా జరిగేదా! కోర్టు గదిలో షెరీఫ్ పక్కనే పోటీదారులిద్దరూ కూర్చుంటారు. వాళ్ల మొహం ముందే పేరు పైకి చెప్పాలి. ఎవరి పేరు చెబితే ఆయన లేచి వంగి కృతజ్ఞత చెప్పుకోవాలి. ఓటులేని ఆడవాళ్లంతా కిటికీల దగ్గర మూగారు.

"ఓబెడ్ ట్రిగ్! నీ ఓటెవరికి?" అని కేకేశాడు షెరీఫ్.

ఆంబ్రోస్ నవ్వుతూ అప్పటికే సగం లేచాడు. ఓబెడ్ చేతిలో టోపీని అటూ ఇటూ తిప్పాడు.

"ఏమయ్యా, పీపాకి బిగించినట్టు నోటికీ పట్టీ బిగించుకున్నావా?" అంది కిటికీలోంచి ఒకావిడ. అంతా గొల్లున నవ్వారు.

"కల్నల్ ఫెంటన్‌కి."

ఆంబ్రోస్ కోటు సర్దుకున్నట్టు నటించి మళ్లీ కూర్చున్నాడు. కల్నల్ లేచి వంగి, "ఓబెడ్ గారూ, మీ స్నేహం జన్మలో మరవను" అన్నాడు. పొద్దుటి నుంచి వచ్చినవాడికల్లా అదే మాట.

బయట కల్నల్ మనుషులు కాల్చిన పందిమాంసం, రమ్ము పంచుతున్నారు. "రావయ్యా, ఇక మనం మనం ఒకటేగా!" అని చెయ్యి పట్టుకు లాగారు. ఓబెడ్ విడిపించుకుని ఇంటిదారి పట్టాడు.

కల్నల్ బోలెడు ఓట్లతో గెలిచాడు. ఓబెడ్ ఓటు ఆంబ్రోస్‌కు పడినా కల్నలే గెలిచేవాడు. ఆంబ్రోస్ పేరే చెప్పి ఉంటే వంతెనా వచ్చేది, ఆదివారాలూ మిగిలేవి. ఆ మాట నమిలి మింగడానికి అతనికి చాలా రోజులు పట్టింది.

మరుసటేడు రేవు మీద వంతెన లేచింది. ఆంబ్రోస్ చర్చి నుంచి దగ్గరదారని ఇప్పుడు దాని మీదుగానే ఇంటికి పోతాడు. వంతెనకు ఇవతలే ఉన్న ఓబెడ్ గేటు రాగానే గుర్రం పాత అలవాటు కొద్దీ ఆగుతుంది. ఓబెడ్ బయటికి వస్తాడు. ఆంబ్రోస్ ఎదురుగానే చూస్తూ పగ్గం విదిలిస్తాడు.

చక్రాల చప్పుడు అవతలి ఒడ్డు చేరేదాకా ఓబెడ్ అక్కడే నిలబడతాడు. గట్టి వంతెనే అనుకుని లోపలికి పోతాడు.