దీపాల వేళ విప్పే దుప్పటి

మా పెద్దమ్మ పోయి ఇవాళ్టికి పదహారు రోజులు. ఆ రోజు పొద్దున నల్లా వచ్చే వేళకు బిందెల వరుసలో ఆమె బిందె లేదు. ముప్పై ఏళ్లుగా ఆ వరుసలో మొదటిది ఆమెదే. వెళ్లి చూస్తే చాప మీద ఒక పక్కకు తిరిగి పడుకుని ఉంది, చిన్నకోడలు తట్టి లేపుతోంది. నిద్రలోనే పోయింది. బాధపడకుండా పోయింది, అదృష్టవంతురాలు అని గల్లీ అంతా అంది. నాకు మాత్రం ముందు కోపం వచ్చింది. ఉప్పు అప్పు అడగడానికి వచ్చి గంట మాట్లాడే మనిషి, ఒక్క మాట చెప్పకుండా ఎలా పోతుంది?

ఆమె నాకు రక్తసంబంధం కాదు. సూరత్ నవాగామ్‌లో మా గదికీ ఆమె గదికీ మధ్య ఒకే గోడ, అంతే. మాలాగే సిరిసిల్ల వైపు నుంచి పెనిమిటి వెంట ఇక్కడికి వచ్చింది. ఆయన ఉధ్నాలో మరమగ్గాలు నడిపేవాడు. ఈమె ఇంట్లో కూర్చుని చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించేది. ఆ పని అయ్యాక చేతులు కడుక్కుని క్రోషియా సూది పట్టేది. ఎప్పుడో పక్కింట్లో ఉన్న ఒక గుజరాతీ ముసలమ్మ దగ్గర గుమ్మాల తోరణాలు అల్లడం నేర్చుకుందట. తోరణాలు ఎవరికీ ఇవ్వలేదు గానీ, గల్లీలో పుట్టిన ప్రతి బిడ్డకూ ఒక దుప్పటి ఇచ్చింది. ఇరవై ఒకటో రోజు బిడ్డను తొట్టెలలో వేసేటప్పుడు కింద పరిచేది అదే.

మా వాళ్లకు ఒక పట్టింపు ఉంది, మీ ఇళ్లలోనూ ఉండే ఉంటుంది. బిడ్డ పుట్టకముందే బిడ్డ కోసం ఏదీ సిద్ధం చేయకూడదు. మొదటిసారి నేను ఆ మాట ఖాతరు చేయలేదు. ఖటోదరా బజారు వైపు వెళ్లినప్పుడు ఒక పసుపు రంగు గౌను కొని పెట్టెలో దాచుకున్నాను. ఐదో నెలలో కడుపు పోయింది. గౌనుకూ దానికీ ఏ సంబంధమూ లేదని డాక్టరమ్మ చెప్పింది. పదో తరగతి చదివినదాన్ని, నాకు మాత్రం తెలియదా? అయినా రెండోసారి నెల తప్పాక పసిపిల్లల బట్ట కంటపడితే చాలు, ముఖం తిప్పుకునేదాన్ని. పొద్దంతా గోడకు ఆనుకుని, కడుపు మీద చేయి వేసుకుని కూర్చునేదాన్ని.

ఒకరోజు పెద్దమ్మ తెల్ల నూలు ఉండ తెచ్చి నా ఒళ్లో వేసింది.

"పట్టు బిడ్డా, దుప్పటి అల్లుదాం."

"వద్దు పెద్దమ్మా! పుట్టకముందే అల్లొద్దంటరు గద!"

"అల్లి దాసుకుంటే గద తప్పు? దీపం పెట్టే యాళ్లకు ఇప్పేద్దాం. రేపు మళ్ల అల్లుదాం. ఇంట్ల దుప్పటుండది, నీ చేతులు ఖాళీగుండయి. ఏ దేవుడొచ్చి అడుగుతడో అడగనీ!"

దేవుడికే టోపీ పెట్టే ఆ ఉపాయం విని నవ్వాను. ఎన్ని నెలల తర్వాత నవ్వానో నాకే గుర్తు లేదు.

అల్లడం మాత్రం నాకు చప్పున రాలేదు. మగ్గాల ఇంట్లో పుట్టినదాన్ని. దారం అంటే బిగించి లాగాలి, గుడ్డ అంటే గట్టిగా ఉండాలి అని నా చేతులకు తెలుసు. నేను బిగించిన కొద్దీ అంచులు లేచి దుప్పటి గిన్నెలా ముడుచుకునేది. పెద్దమ్మ దాన్ని తన నెత్తిన పెట్టుకుని గల్లీలో నాలుగు అడుగులు నడిచింది.

"సూడుండ్రి, మా పిల్ల నాకు టోపీ అల్లింది! జర వదులు చెయ్యే. మగ్గానికి బిగువందం, పసిపిల్లకు వదులందం."

మొదటి సాయంత్రం విప్పడానికి నాకు చేయి రాలేదు. ఎంత వంకరగా ఉన్నా, కడుపులో బిడ్డ కోసం చేసింది కదా. దారం కొస పట్టుకుని ఏడ్చేశాను. పెద్దమ్మ నా పక్కన కూర్చుని, నా చేతి మీద చేయి వేసింది.

"గుంజు బిడ్డా. ఇప్పితే దారం ఏడికి పోదు. నేర్సిన చెయ్యి ఏడికి పోదు."

గుంజాను. ఆ రోజు నుంచి కాన్పు దాకా రోజూ గుంజాను. రోజూ అల్లి విప్పితే దారానికి వంకీలు పడతాయి, జడ విప్పిన జుట్టుకు పడ్డట్టు. పాప పుట్టిన మర్నాడు పెద్దమ్మ ఆ నూలంతా వేడినీళ్లలో ముంచి, చెంబు బరువు కట్టి వేలాడదీసి, వంకీలు తీసింది. అప్పుడు మొదలుపెట్టిన దుప్పటి పంతొమ్మిదో రోజుకే పూర్తయింది. ఇప్పుడు మా పాపకు ఏడేళ్లు. ఆ దుప్పటి మోకాళ్ల దాకా కూడా రాదు, అయినా ఉతకడానికి అడిగితే "యే మేరా హై", ఇది నాది, అని ఒళ్లో దాచుకుంటుంది.

పెద్దమ్మ చిన్నకోడలికి ఇప్పుడు ఏడో నెల. తొలిచూలు. చీరలు మడతపెట్టే పనికి వెళ్లి, పొద్దుగూకాక వస్తుంది. దినాలు అయిన మర్నాడు ఆ పిల్ల పెద్దమ్మ సంచీ పట్టుకుని మా గడపలో కూర్చుంది.

"ఇది నువ్వే తీస్కో అక్కా. సూది నీకే ఇయ్యాలని అత్తమ్మ అంటుండె." కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "గల్లీల అందరి పిల్లల కోసం సూది పట్టింది. నా బిడ్డ కోసం ఒక్కనాడు పట్టలే. నేనంటే ఇష్టం లేకుండెనా ఏంది?"

కళ్లు మసకబారి పెద్దమ్మ అల్లిక మానేసిందనే నేనూ అనుకున్నాను. నేనూ పగలంతా కుట్టుపనికి పోతున్నాను కదా, ఆమె ఇంట్లో ఏం చేసేదో చూడలేదు. సంచీలో చేయి పెట్టాను. కత్తెర, సూది, ఒక తెల్ల నూలు ఉండ. అంతే.

ఉండ కొస పట్టి లాగాను. దారం తిన్నగా రాలేదు.

వంకీలు. మూరెడు లాగాను, బారెడు లాగాను, గుమ్మం దాకా లాగాను. అంతా వంకీలే. ఆ ఉపాయం పెద్దమ్మ నా భయం కోసమే పుట్టించిందని ఇన్నేళ్లు అనుకున్నాను. కాదు, ఆమెకూ అదే భయం.

"ఇటు సూడు," అన్నాను ఆ పిల్లతో. "కొత్త దారం గిట్లుంటదా? రోజూ నీ బిడ్డకు అల్లింది. పుట్టకముందే ఇంట్ల దుప్పటుండొద్దని, నువ్వచ్చే యాళ్లకు ఇప్పింది."

ఆ పిల్ల దారాన్ని కొస దాకా వేళ్ల మధ్య జరిపి చూసింది. తర్వాత సూది ఎలా పట్టుకోవాలని అడిగింది.

నేనేమీ పెద్దమ్మను కాను. అయినా ఇప్పుడు రోజూ పని నుంచి పెందలాడే వస్తున్నాం ఇద్దరం. ఆ పిల్లా నాలాగే మగ్గాల ఇంటిదే, దారం బిగిస్తుంది. ఇవాళ ఒక టోపీ తయారైంది. మా పాప దాన్ని పెట్టుకుని గల్లీ అంతా తిరిగి వచ్చింది. దీపాలు పెట్టే వేళ అయింది. "గుంజు," అన్నాను. ఆ పిల్ల దాన్ని కడుపు మీద పెట్టుకుని గుంజుతుంటే, నేను ఎదురుగా కూర్చుని ఉండ చుడుతున్నాను. వంకీల దారం ఆమె దగ్గర నుంచి నా చేతికి వస్తూనే ఉంది.