గ్యాసు ట్యాంకుకు అజీర్తి

యాభై దాటాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. అంతకుముందు మున్సిపాలిటీ వాళ్లు ఏ కాగితం ఇచ్చినా పొయ్యి అంటించడానికి వాడేదాన్ని. చదవడం వచ్చాక ఆ సుఖం పోయింది.

మాది చిన్న మున్సిపాలిటీ. పేరు రాయను. సంతకు మదనపల్లెకో పుంగనూరుకో పోయేవాళ్లం, రైలు కావాలంటే కుప్పానికి. మిగతా మంచీ చెడ్డా అంతా ఊర్లోనే.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఊరిని పొగ లేని ఊరు చేయాలని పైనుంచి ఆజ్ఞ వచ్చింది. భూమి వేడెక్కుతోందనీ, అందులో మా వాటా తగ్గించుకోవాలనీ మైకులో చెప్పుకుంటూ ఒక ఆటో తిరిగింది. అది వదిలిన పొగ మా వీధిలో చాలాసేపు ఉండింది.

ఆఫీసు వెనక సిమెంటు ట్యాంకు కట్టారు. చౌడేపల్లె వైపు నుంచి ట్రాక్టరు పేడ తెచ్చి నింపితే గ్యాసు వచ్చింది. దాంతో పక్కనే ఉన్న అంగన్‌వాడీలో కట్టెల పొయ్యి మానేశారు. పేడతో గ్యాసు పాత సంగతేనట. ఇకమీదట ఇళ్లలోని తడి చెత్తతోనే రావాలట. ఇంటికొక పచ్చ బకెట్టు, ఒక కాగితం పంచారు. బకెట్టు గట్టిది. మా వీధిలో సగం మంది అందులో రాగిపిండి పోసుకున్నారు.

కాగితాన్ని నేను కూడబలుక్కుని చదివాను. తడి చెత్త అంటే బియ్యం కడిగిన నీళ్లు, గంజి, మిగిలిన అన్నం, కూరగాయల తొక్కలు. నా ఆవు భోజనాన్ని అచ్చులో చూడటం అదే మొదటిసారి.

నాకు ఒక జెర్సీ సీమావు ఉండేది. మా ఆయన పోయాక దాని పాలే నా బతుకు. వీధిలో పన్నెండు ఇళ్లవాళ్లు కడుగునీళ్లూ గంజీ తొక్కలూ పెరట్లో కుండలో వేసి ఉంచేవాళ్లు. పొద్దున్నే పోయి ఆ కుడితి ఎత్తుకొచ్చుకునేదాన్ని. బదులుగా కళ్లాపికి పేడ ఇచ్చేదాన్ని, ఆవు ఈనితే జున్నుపాలు పంచేదాన్ని. నేను పుట్టకముందు నుంచీ ఉన్న పద్ధతి ఇది. ఎవరూ కాగితం మీద రాసుకోలేదు. అదే తప్పయింది.

ఆవు చూలుతో, తొమ్మిదో నెలలో ఉండగా శానిటరీ ఇన్‌స్పెక్టరు మా ఇంటికొచ్చాడు.

"అమ్మా, రేపట్నించి కుడితి ఎత్తొద్దు. అదంతా ట్యాంకుకు పోవాల. పై వారం పెద్దాఫీసరు వస్తాండాడు."

"నా ఆవు ఏం తినాల?"

"గడ్డి ఎయ్యి."

"వానల్లేవు, గడ్డి యాడుండాది సారూ? మీ ఆఫీసు ఫైళ్లు ఎయ్యమంటావా?"

"ఎగతాళి సెయ్యొద్దమ్మా. ఇదంతా భూమి కోసరం."

"భూమి చూలుతో లేదు గదా. నా ఆవు చూలుతో ఉండాది."

మరునాడు నాకంటే ముందే చెత్తబండి వచ్చి కుండలన్నీ వంచుకుపోయింది. పక్కింటామె కొంగు చాటున గిన్నెడు గంజి తెచ్చింది. "అక్కా, నేనిచ్చినానని సెప్పొద్దు. కొళాయి కట్ చేస్తారంట," అంది. నాలుగు రోజులకు ఆవు డొక్కలు లోపలికి పోయాయి.

ట్యాంకుకు మాత్రం ఏ కొరతా లేదు. మా కుడితి చాలదన్నట్టు ఇన్‌స్పెక్టరు కల్యాణ మండపంలో మిగిలిన అన్నం, సాంబారు, పులిహోర కూడా తెచ్చి గుమ్మరించాడు. ఐదో రోజు అంగన్‌వాడీలో పొయ్యి అంటించబోతే అగ్గిపుల్ల ఒక్కటే మండింది.

ఆ పొద్దే నేను ఇన్‌స్పెక్టరుతో గొడవ పెట్టుకుందామని పోయాను. ట్యాంకు దగ్గరి వాసన తగలగానే గొడవ మరిచిపోయాను. మా పాత ఆవు ఒకసారి పెళ్లింటి దగ్గర అన్నం కుప్ప తిని, పొట్ట ఉబ్బి పడిపోయింది. దాని నోట్లోంచి ఇదే పులిసిన వాసన వచ్చింది. అది బతకలేదు.

"సారూ, దీనికి అజీర్తి," అన్నాను.

"సిమెంటు ట్యాంకుకు అజీర్తేందమ్మా!"

"అంత అన్నం కుక్కితే ఎవురికైనా సేస్తాది. కొన్నాళ్లు ఏమీ పెట్టొద్దు. పేడ కలిపి పోస్తా ఉండు, పులుపు ఇరుగుతాది."

"పేడ ట్రాక్టరు మానిపిచ్చినారు గదా, యాడ తెచ్చేది?"

"నా ఆవు తింటే ఏస్తాది. నువ్వు తిననిస్తే గదా."

ఆయన పెద్దాఫీసరు రావడానికి ఎన్ని రోజులుందో వేళ్ల మీద లెక్కేసుకున్నాడు. మరునాడు చెత్తబండి మా వీధికి రాలేదు. నేను కుడితి ఎత్తుకొచ్చుకున్నాను, పేడ ట్యాంకుకు ఇచ్చాను. ఆవులున్న మరో ఇద్దరు ఆడవాళ్లు కూడా పేడ పంపారు. అదృష్టం, పెద్దాఫీసరు రాక రెండుసార్లు వాయిదా పడింది. మూడు వారాలకు పొయ్యి నీలంగా మండింది.

పేడ గంపతో నేను అక్కడ ఉండగానే ఆఫీసరు వచ్చి, "ఇందులో ఏం వేస్తున్నారు?" అని అడిగాడు.

"ఇండ్లలో తడి చెత్తే సార్," అని ఇన్‌స్పెక్టరు నావైపు చూశాడు.

"నిజమే సారూ," అన్నాను. "అయితే నడమ ఆవు కడుపులోంచి పోయి వస్తాది."

ఆఫీసరు నవ్వలేదు. "అలా చేయమని ఆర్డరులో లేదే?"

"ఆవుకు ఆర్డరు రాలేదు సారూ. కుడితి ఆపితే పేడ రాదు. పేడ లేకుంటే ఇది మళ్లీ పులుస్తాది. ఆపమంటారా?"

ఆయన అంగన్‌వాడీ పొయ్యి మంట మీద అరచెయ్యి పెట్టి సెగ చూసుకున్నాడు. "వద్దు, ఇలాగే కానివ్వండి," అని ఇన్‌స్పెక్టరుతో అన్నాడు.

నాకు కావాల్సింది ఆ ఒక్క మాటే. అంగన్‌వాడీ ఆయమ్మ ఉప్మా తినిపొమ్మంది. ఆగలేదు. ఆవు ఈని మూడు రోజులే అయింది, కుడితి వేళ దాటితే వీధంతా వినబడేట్టు అరుస్తుంది.