కొలతకు ఇచ్చిన గొంతు

కొండాపూర్‌లోని ఆ చిన్న ఆఫీసు సరిత గొంతును నాలుగేళ్లు వాడుకుంది, ఒక్కనాడూ బయటికి వినిపించలేదు. కంపెనీల వేడుకల్లో తెర మీద ఏ నిమిషానికి ఏ బొమ్మ రావాలో, ఏ మైకు మోగాలో, ఏ లైటు ఆరాలో ముందుగా రాసిపెట్టడం ఆమె ఉద్యోగం. బొమ్మకు మాట సరిపోతుందో లేదో చూడాలంటే ఎవరో ఒకరు చదవాలి కదా, సరితే చదివేది. ఆ గొంతు కొలతకు బొమ్మలన్నీ కత్తిరించాక, దాన్ని చెరిపేసి ఎవరో విజయవాడ అమ్మాయి గొంతు పెట్టేవారు. దర్జీకి ఇచ్చిన ఆది జాకెట్టయినా తిరిగి ఇంటికొస్తుంది. సరిత గొంతుకు ఆ భాగ్యం కూడా లేదు.

"నీ గొంతు బంగారమమ్మా. ఆ యాసే క్లయింట్లు ఒప్పుకోరు, నన్నేం చెయ్యమంటావు చెప్పు?" అనేవారు యజమాని యజ్ఞనారాయణ. చెడ్డవాడేం కాదు. చెడ్డవాడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేది.

తల్లి కొమురమ్మ రాయదుర్గం దగ్గర ఒక పెద్ద హాల్లో ఊడ్చే పని చేసేది. కూతురి ఆఫీసు వేడుకలు ఎక్కువగా అక్కడే. వెనక గోడ దగ్గర నిలబడి విని, ప్రతిసారీ అదే అడిగేది.

"గా మాట నీదేనా బిడ్డా?"

"కాదమ్మా."

"నేను సచ్చేలోపట ఒక్కపారన్న గీ హాల్ల నీ గొంతు ఇనాలె."

ఆ మాట సరితను పట్టి కుదిపింది. ఎలాగైనా వినిపించాలని నాలుకను సాపు చేసుకోవడం మొదలుపెట్టింది. ఏంది పోయి ఏంటి వచ్చింది. ఇంట్లో కూడా అదే మాట.

"నాతోని గూడ గట్లనే మాట్లాడాల్నా? ఎవరో మేడమ్‌తోని ఉన్నట్టున్నది."

"ఇక్కడ అలవాటు తప్పితే అక్కడ నోరు జారుతుందమ్మా."

కొమురమ్మ మరి అడగలేదు. తనే మాటలు తగ్గించుకుంది.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు ఆగాయి, వేడుకలు వాయిదా పడ్డాయి, సరిత ఒకే ప్లానుకు నాలుగుసార్లు తేదీ మార్చింది. కొమురమ్మ రోడ్డు మీద వంటావార్పులో కూర్చుని, "మన మాటను ఎక్కిరిచ్చుడు ఇగ నడ్వది!" అని గొంతెత్తి అరిచింది. అదే దారిన ఆఫీసు కారులో పోతున్న సరిత తల దించుకుంది. ఆ సంగతి తల్లికి ఏనాడూ చెప్పలేదు.

రెండువేల పధ్నాలుగులో రాష్ట్రం వచ్చింది. మరుసటి నెలలోనే ఒక కంపెనీ, తమ వేడుకలో ఈసారి తెలంగాణ మాటే కావాలంది. యజ్ఞనారాయణ పరుగున వచ్చారు. "నీ రోజు వచ్చిందమ్మాయ్!"

సరిత ఆ సాయంత్రమే తల్లికి చెప్పేసింది. కొమురమ్మ హాల్లో పనివాళ్లందరికీ చెప్పేసింది.

తీరా మైకు ముందు నిలబడితే మాట పలకలేదు. పలికినా అరువు తెచ్చుకున్నట్టుంది. మూడుసార్లయ్యాక రికార్డింగ్ చేసే మధు మొహమాటపడుతూ అన్నాడు. "అక్కా, జర కామెడీ లెక్క ఒస్తున్నది. ఇంట్ల మీ అమ్మతోని మాట్లాడినట్టు మాట్లాడు."

ఇంట్లో అమ్మతో మాట్లాడుతున్నదేమిటో సరితకు తెలుసు. చివరికి కరీంనగర్ నుంచి మమత అనే అమ్మాయిని పిలిపించారు. సరిత చదివింది మళ్లీ కొలతకే మిగిలింది.

ఇంటికెళ్లి చెబుదామనుకుంది. తల్లి పెట్టెలోంచి మంచి చీర తీసి మడతలు సర్దుతోంది. చెప్పలేకపోయింది.

వేడుక రోజు లైట్లు ఆరాయి. తెర మీద బొమ్మ కదిలింది, హాలంతా మమత గొంతు పరుచుకుంది. నిండైన మాట, వాగునీళ్లంత తేటగా ఉంది. తాను రాసిన కాగితం చేతిలో పట్టుకుని సరిత చివరిదాకా వింది. అయిపోగానే, తల్లికి నిజం చెప్పేద్దామని వెనక గోడ దగ్గరికి వెళ్లింది.

కొమురమ్మ రెండు చేతులా కూతురి చెంపలు పట్టుకుంది. ఆమె ముఖమంతా తడి. "గిదే బిడ్డా! గిదే నీ గొంతు! ఎన్నేండ్లాయె గిట్ల ఇనక! నా సరిత నాకు మల్ల దొరికింది."

అది నాది కాదమ్మా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సరిత మింగేసింది. "అవునమ్మా," అంది.

కొమురమ్మ పక్కనున్న తోటి పనామె లచ్చమ్మను మోచేత్తో పొడిచింది. "జెప్పలే? మొదటి మాట ఇనంగనే నేను గుర్తువట్టిన. కన్నతల్లికి తెల్వదా బిడ్డ గొంతు!"