పోలమ్మ చావు కబురు

ఈ మాట గొంతులో పెట్టుకుని తిరగడం మొదలైనప్పటికి నా జుట్టింకా నల్లగానే ఉంది. నా మొగుడికి కూడా చెప్పకుండానే ఆయన్ని కాటికి సాగనంపాను. ముక్కూమొహం తెలియని నీకు ఎందుకు చెబుతున్నాను? నిన్న అబద్ధమాడిందని మనవరాలిని చెంప మీద కొట్టాను. అప్పటి నుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను.

మా టౌన్లో చీరల కొట్టు మేడ మీద ఒక ప్రైవేటు రేడియో ఉండేది. ఐసు ఫ్యాక్టరీ, ఇంజన్ ఆయిలు ప్రకటనలు, మధ్యలో పాటలు. తెల్లవారుజామున గాలి సంగతి, ఏ పల్లెలో ఎవరు పోయారో చెప్పేవారు. మేం వేటాడే సరస్సు చుట్టుపక్కల రేడియో లేని పడవ ఉండేది కాదు. చదివేది సునీత, నాయుడుపేట పిల్ల. మా పల్లె కబుర్లు ఆమెకు ఫోను చేసి చెప్పేది నేనే. నా మాటంటే ఆమెకు అంత గురి.

సరస్సు సముద్రంలో కలిసే ముఖద్వారం దగ్గర రొయ్యల వల వేయడానికి మాలో ఇంటింటికీ వంతులుంటాయి. మా వంతు రేపనగా మా పడవ ఇంజను చెడింది. అద్దె పడవ దొరికేదే. ఆ అద్దె ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. చుట్టుపక్కల ఏ పల్లెలో చావు జరిగినా ఆ రోజు ఎవరూ వేటకు పోరు, వంతు మర్నాటికి జరుగుతుంది, ఈలోగా ఇంజను బాగవుతుంది. పక్క పల్లెలో పోలమ్మ అనే ముసలామె మంచాన పడి ఉంది. ఎట్లాగూ పోయేదే కదా అనుకున్నాను. అలా ఎలా అనుకోగలిగాను?

పోలమ్మ పోయిందని కాయిన్ బాక్సు నుంచి సునీతకు ఫోను చేశాను. పడవలు ఆగాయి. బంధువులు పూలదండలతో వచ్చేసరికి పోలమ్మ గంజి తాగుతోంది. "నేను చచ్చినానంట, నాకు చెప్పనేలేదే!" అందట. ఊరంతా నవ్వింది. నేనూ నవ్వాను.

కొన్నాళ్ళకు ఆమె నిజంగానే పోయింది. సునీత చదివింది. "మళ్ళీ చంపినారురా ముసిల్దాన్ని" అని నవ్వుకుంటూ అందరూ వేటకు పోయారు. మోసేవాళ్ళు లేక శవం పొద్దుగూకేదాకా వాకిట్లోనే ఉంది. పల్లెల పెద్దకాపులు పంచాయితీకి కూర్చున్నారు. సునీతను పిలిపించారు. ఆమె గుంపులో ఉన్న నా వైపు తిరిగింది.

"అక్కా, మొదటిసారి ఫోను చేసింది నువ్వే గదా?"

"నేనెందుకు చేస్తానే?"

"నీ గొంతు నాకు తెలీదా అక్కా?"

"నాలాంటి గొంతులు ఈ ఒడ్డున చానా ఉండాయి. ఎవుర్తిదో ఏమో!"

ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తూ నిలబడింది.

శవాలతో ఆడుకునే రేడియో అని పేరు పడింది. కొట్లవాళ్ళు ఒక్కొక్కరే ప్రకటనలు మానుకున్నారు. వానాకాలం లోపలే అది మూగబోయింది. సెల్‌ఫోన్లు వచ్చాక ఎట్లాగూ మూతపడేదే అంటారు. ఆ మాట పట్టుకుని ఎన్నాళ్ళు నన్ను నేను జోకొట్టుకున్నానో! రేడియో సంగతి సరే, ఆ పిల్ల? అబద్ధాల సునీత అన్నారు. మళ్ళీ ఎవరూ ఆమెను మైకు ముందు కూర్చోబెట్టలేదు. పోయిన నెల నాయుడుపేట బట్టల కొట్టులో కనబడింది. నాకు తువ్వాలు గుడ్డ కొలిచి ఇచ్చింది. తలెత్తలేదు. అప్పుడైనా చెప్పాల్సింది. బేరమాడి వచ్చేశాను.

క్షమించమని నిన్ను అడగను. అది నీ చేతిలో లేదు. రేపు ఆమె దగ్గరికి పోతానని కూడా అనను, నా పిరికితనం నాకు తెలుసు. కానీ ఒక్కచోటైనా నిజం ఉండాలి.

ఆ ఫోను చేసింది నేను. సునీత విన్నది నా గొంతే. ఇప్పుడు కాస్త ఊపిరి ఆడుతోంది.