అవ్వ ఇచ్చిన తేనె సీసా

ఈ రోజు పొద్దున మా అవ్వకు చక్కెర వ్యాధి వచ్చి మధ్యాహ్నానికి నయమైపోయింది. మహబూబ్‌నగర్ దవాఖానలో అవ్వ మూత్రాన్ని నీలం రంగు పరీక్ష మందులో కలిపి కాచితే ఇటుక రంగు తేలింది. చక్కెర ఉన్నట్టే, ఇక బెల్లం బంద్ అన్నారు డాక్టరు గారు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. బీయస్సీ పట్టభద్రుణ్ని కనుక నేను గంభీరంగా అవ్వ మూత్రం పట్టి తెచ్చిన సీసా మూత వాసన చూశాను.

"అవ్వా, గిది అమ్రాబాద్ తేనె సీసా గదనే! కడగలేదా?"

"అడుగున జరంత తేనె ఉండె బిడ్డా. కడిగి పారవోయనీకె పానం ఒప్పలే."

వేరే సీసాలో మళ్లీ ఇప్పించి కాచితే నీలం నీలంగానే ఉంది. అవ్వ సంబరంగా బెల్లం కొనిపించుకుని బస్సెక్కింది. ఎక్కాక అడిగింది: "మరి నా తేనె సీసా ఏదిరా?"

ఇకపై మా ఇంట్లో తేనె ముట్టను. మీరైతే ముడతారా?