కళ్ళూ కల్లూ

మా పక్కింటాయన పోయాడన్న సంగతి నాకు ఆయన బ్లాగులో తెలిసింది. మా ఇళ్లకు మధ్యగోడ ఒక్కటే. నేను నాలుగు రోజులు హొసకోటెలో మా చెల్లెలింట్లో ఉన్నాను. ఆయన కూతురు రెండు వాక్యాలు రాసి పెట్టింది. కింద అప్పుడే బారులు తీరిన వ్యాఖ్యలు: మహానుభావుడట, యాసకు పట్టం కట్టాడట. వాళ్లలో సగంమంది ఆయన ‘ఉండాది’ని చూసి నవ్వినవాళ్లే. నేనూ నవ్వాను. పోయాడు కదా అని మాట మార్చను.

ఆయనది నగర్తపేటలో జరీ అంగడి. తమ్ముడికి అప్పగించి ఇంట్లో కూర్చున్నాక కంప్యూటరు కొన్నాడు. ఆయన కొన్నాడని నేనూ కొన్నాను. నాకు నాలుగు బీరువాల పుస్తకాలున్నాయి. ఆయనింట్లో పంచాంగం తప్ప అచ్చుకాగితం ఉండేది కాదు. అయినా తెలుగు కొట్టడం ఆయన దగ్గరే నేర్చుకోవలసి వచ్చింది. ఇంగ్లీషు ‘ఎల్’ కొడితే ‘ల’, షిఫ్ట్ పట్టి కొడితే ‘ళ’. నా వేలు ఆ మీటను మరిచిపోయేది. ఆయన కూతురి గోళ్లరంగు తెచ్చి నా షిఫ్ట్ మీద ఎర్రటి చుక్క పెట్టాడు.

“ఈడ ఒత్తప్పా. లేకుంటే కళ్ళు పోయి కల్లు వస్తాది.”

నన్ను ‘నువ్వు’ అనేవాడు. నేను ‘మీరు’ అనేవాణ్ణి.

“దినామూ పది సాళ్లు రాయి. బాగుండాదో లేదో ఆమీద చూస్తాం” అనేవాడు. సాలంటే నాకు నాగలి గీసేది. కన్నడంలో పంక్తి. ఆయనకు రెంటికీ తేడా తెలిసినట్టు లేదు.

నేను గొప్ప విషయం కోసం ఎదురుచూశాను. నాలుగు నెలలకు ఒక వ్యాసం పెట్టాను. ఇద్దరు చదివారు, అందులో ఒకాయన ఈయనే. ఆయన మాత్రం పొద్దున కాఫీ తాగి పది పంక్తులు రాసేవాడు. చాలాకాలం చెత్తగానే రాశాడు. రెండేళ్లకు ఒక ఉదయం, తూకం రాళ్లు అరిగిపోవడం గురించి రాశాడు. తీసెయ్యడానికి ఒక్క మాట దొరకలేదు. అది నేను క్షమించలేకపోయాను.

ఆ రోజునుంచి ‘అజ్ఞాత’ పేరుతో ఆయన బ్లాగులో దిగాను. “ఉండాది కాదు, ఉంది. ముందు భాష నేర్చుకోండి.” రోజూ ఏదో ఒకటి. “సరే అప్పా, రేపు చూస్తాను” అని జవాబిచ్చేవాడు. మర్నాడు మళ్లీ ఉండాది.

ఒకసారి ఒళ్లు మండి, కల్లు తెరిచి నలుగురి రచనలూ చదవమని రాశాను. పంపాక గానీ చూసుకోలేదు. మర్నాడు గోడమీంచి పిలిచాడు.

“ఏమప్పా, ఆ ఎర్రచుక్క చెరిగిపోయెనా?”

“ఎందుకూ?”

“ఏమీ లే. ఎవరో పాపం నన్ను కల్లు తెరవమంటా ఉండాడు. పొద్దున్నే ఏ అంగడి తెరిచి ఉంటాదప్పా?”

లోపల వాళ్లావిడ నవ్వింది. నేను మొహం కదలకుండా, “అజ్ఞాతల్ని రానివ్వకుండా చెయ్యొచ్చు కదండీ” అన్నాను.

“చేస్తే ఆయప్ప రాసేది నిల్చిపోతాది. ఇప్పుడిప్పుడే చేయి తిరుగుతా ఉండాది.”

నా తిట్లను ఆయన సాధన కింద జమకట్టాడు. అంతకంటే అవమానం నాకు ఎవరూ చేయలేదు. బీరువాలన్నీ చదివినవాణ్ణి, రోజూ రాసింది ఆ తిట్లే. ఆ మాట నిజం కనకే మంట ఇంకా చల్లారలేదు. ఆ అజ్ఞాత నేనేనని ఆయన ఎవరికైనా చెప్పి ఉంటే పోట్లాడేవాణ్ణి. ఎవరికీ చెప్పలేదు, ఆ అవకాశమూ ఇవ్వలేదు.

ఇవాళ ఆ కూతురి రెండు వాక్యాల కింద కూర్చున్నాను. ‘అజ్ఞాత’ తీసేసి నా పేరు కొట్టాను. ఆయన కళ్ళ గురించి ఒక వాక్యం రాయాలి. షిఫ్ట్ మీద రంగు దాదాపు పోయింది. అంచున మాత్రం గోరంత ఎరుపు ఉండాది.