నడిచొచ్చినోళ్ళే ముందు

మా అడివంచు సర్కారు దవాఖానా డాక్టరమ్మ పోయిన వారం కాలం చేసింది. ఫోన్ చేసి చెప్పింది నా బిడ్డే. అదే దవాఖానాల నెల కింద డాక్టరుగా చేరింది. ఒక కంట ఏడుపు, ఒక కంట సంబురంతోని రాస్తున్న. ఏడో తరగతి చదువు నాది, తప్పులుంటే మన్నించుండ్రి.

డాక్టరమ్మ మా కోయోళ్ళ ఆడబిడ్డ. అంతకుముందు మావోళ్ళు దవాఖానాకు పోతే ఓ మూలకు కూసునేటోళ్ళు. తెలుగు సరిగ్గ రాదు, పలకరించేటోళ్ళు లేరు. ఆమె వచ్చినంక పొద్దున్నే వరండాలకొచ్చి, "నడిచొచ్చినోళ్ళెవరు?" అని కోయ మాటల అడిగేది. ప్రాణం మీదికొచ్చినోళ్ళకు లైనే లేదు. మిగిలినోళ్ళల్ల నడిచొచ్చినోళ్ళు ముందు, బండ్ల మీదొచ్చినోళ్ళు తర్వాత.

ఒకనాడు ఓ పెద్దరైతుకు కోపమొచ్చింది. "మొదటి చీటీ నాదమ్మా. గిదేం పద్ధతి?"

"అవ్ అన్నా, చీటీ నీదే మొదటిది. కానీ నువ్వు చాయ తాగి బయల్దేరినవ్, ఈ అవ్వ కోడి కూయకముందు బయల్దేరింది. లైను ఈడ కాదు, ఇంటికాడ మొదలైతది."

"మరి నా నడుంనొప్పి?"

"రేపు బండి ఇంట్ల పెట్టి రా. నొప్పి సగం తగ్గుతది, మొదటి నంబరూ నీదే."

అందరూ నవ్విండ్రు. ఆయనా నవ్విండు.

నా బిడ్డకు ఎనిమిదేండ్లప్పుడు మలేరియా జరమొచ్చింది. భుజాన ఎత్తుకుని వాగు దాటొచ్చేసరికి చీటీలు అయిపోయినయ్. రేపు రమ్మన్నరు. డాక్టరమ్మ బయటికొచ్చి బిడ్డను తన చేతులకు తీసుకుంది. జరం దిగినంక బిడ్డ అడిగింది, "నేను గూడ నీలెక్క అయితనా?"

"కావాలె. నేనొక్కదాన్నే ఎంతమందిని చూస్త?"

అయింది. చూడుండ్రి, నా బిడ్డ డాక్టరైంది!

అయినా ఆమె పోయినంక ఆ వరస ఉంటదా, ఆమెతోనే పోతదా అని ఒకటే బెంగ. మొన్న మోకాళ్ళ నొప్పని ఆటోల పోయిన. డాక్టరు నాయినను గద అనుకుంట అందరికంటే ముందు నిలబడ్డ.

"నాయినా, ఎట్లొచ్చినవ్?"

"ఆటోల, బిడ్డా."

"అయితే కూసో."

నాకంటే ముందు పదకొండు మంది. మధ్యాహ్నం దాకా కూసున్న. అంత సంతోషంగ నా జన్మల ఎన్నడూ కూసోలేదు. వానల తడిసొచ్చిన ఓ ముసలమ్మను నా బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకపోయింది. బండల మీద ఆ ముసలమ్మ తడి పాదాల గుర్తులు పడ్డయ్. వాటిని తొక్కొద్దని నా కాళ్ళు దగ్గరికి ముడుచుకున్న.